యాదృచ్ఛిక కలనగణితం: పరీక్షకు సిద్ధపడుట ఎట్లు?

ప్రకృతిలో నియమబద్ధంగా జరిగే మార్పులను కొలవడానికి పదునేడవ శతాబ్దంలో న్యూటన్, లైబ్నిట్జ్ మహాశయులు కలనగణితాన్ని రూపొందించారు. గ్రహాల గమనం, రాతి పతనం, తీగ కంపనం మొదలైనవన్నీ ఆ గణితానికి లొంగినవి. కాని లోకంలో మార్పులన్నీ అట్టివి కావు. ప్రకాశం బరాజు వద్ద కృష్ణానదిలోనికి రేపు ఎన్ని క్యూసెక్కుల నీరు వచ్చునో, గుంటూరు యార్డులో మిర్చి ధర ఎల్లుండి ఎంత పలుకునో ముందుగా చెప్పగలవారు లేరు. ఇట్టి అనిశ్చితమైన మార్పులకు సైతం ఒక కలనగణితం కలదు. దానినే ఆంగ్లంలో స్టోకాస్టిక్ కాల్‌క్యులస్ అని, తెలుగులో యాదృచ్ఛిక కలనగణితమని అంటున్నాము.

ఈ పేరు వినగానే మన విద్యార్థులలో పలువురు వెనుకాడుతారు. ఎం.ఎస్సీ. గణాంకశాస్త్రంలో ఇది ఐచ్ఛిక విషయంగా ఉన్నచోట దానిని విడిచి మరియొకటి ఎన్నుకొనేవారే అధికం. మేము నలుగురం ఈ కళాశాలలో డిగ్రీ చదివి, పై చదువుకు వెళ్ళి, ఈ విషయాన్నే ఎన్నుకొన్నాము. మాలో ఇద్దరం పాఠశాలలో ఉర్దూ మాధ్యమంలోను, ఇద్దరం తెలుగు మాధ్యమంలోను చదివినవారం. 2024లో మొదటిసారి పరీక్ష వ్రాసినప్పుడు నలుగురిలో ముగ్గురం తప్పాము. మరుసటి సంవత్సరం నలుగురం కలిసి చదివాము, ముగ్గురమూ ఉత్తీర్ణులమైనాము. ఈ రెండు పరీక్షల నడుమ మేము నేర్చుకొన్నదేమో మన సోదర విద్యార్థులకు తెలుపుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

విషయం పుట్టుక

పరీక్షకు చరిత్ర అవసరమా అని కొందరు ప్రశ్నింపవచ్చు. ఏ భావన ఏ అవసరం కొరకు పుట్టినదో తెలిసినచో అది సులభంగా మరపునకు రాదు. కనుక సంగ్రహంగా చెప్పుతున్నాము.

1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు నీటిలో తేలియాడే పుప్పొడి సంబంధమైన సూక్ష్మకణాలు ఎడతెగక కదలుచుండుట సూక్ష్మదర్శినిలో చూచాడు. 1900లో లూయీ బాషెలియే అనే ఫ్రెంచి గణితజ్ఞుడు పారిస్ ఎక్స్ఛేంజిలోని ధరల ఒడిదుడుకులకు ఇట్టి చలనాన్నే నమూనాగా తీసుకొని సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. 1905లో ఐన్‌స్టీన్ ఈ చలనానికి అణువుల తాకిడి కారణమని గణితరీత్యా వివరించాడు. 1923లో నార్బర్ట్ వీనర్ దీనికి దృఢమైన గణితరూపం ఇచ్చాడు. 1933లో కొల్మొగొరోవ్ సంభావ్యతాశాస్త్రాన్నంతటినీ స్వయంసిద్ధాల మీద నిలిపాడు.

అయితే ఈ చలనపు రేఖ అవిచ్ఛిన్నమే అయినను ఏ బిందువు వద్దనూ దానికి స్పర్శరేఖ లేదు. అవకలజం లేని దానితో కలనగణితం ఎట్లు సాధ్యం? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవాడు జపాను దేశీయుడైన కియోషి ఇటో. ఆయన అప్పుడు విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు కాడు, టోక్యోలోని ప్రభుత్వ గణాంక కార్యాలయంలో ఉద్యోగి. 1942లో ఆయన తన తొలి వ్యాసాన్ని తన మాతృభాషయైన జపనీస్‌లోనే వ్రాసి, రోనియో ప్రతులుగా వెలువడే ఒక పత్రికలో ప్రకటించాడు. ఆంగ్ల వ్యాసం 1944లో వచ్చినది. 2006లో గౌస్ బహుమతిని మొదటిసారి ప్రదానం చేసినప్పుడు దాని గ్రహీత ఆయనే.

ఇదే కాలంలో వోల్ఫ్‌గాంగ్ డోబ్లిన్ అనే యువకుడు ఫ్రెంచి సైన్యంలో సైనికుడుగా ఉంటూనే ఇట్టి ఫలితాలను సాధించి, 1940లో ఒక ముద్రవేసిన కవరులో పారిస్ సైన్స్ అకాడమీకి పంపాడు. ఆ ఏడే శత్రువులకు చిక్కకుండ ప్రాణత్యాగం చేశాడు. ఆ కవరును 2000 సంవత్సరంలో విప్పి చూచినప్పుడు గాని ఆయన ఎంత దూరం నడిచాడో లోకానికి తెలియలేదు.

ఈ శాస్త్రం మన నేలకు పరాయిది కాదు. నందిగామ, నూజివీడు పాఠశాలలలో చదువుకొన్న సి.ఆర్. రావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించి, ఉద్యోగ ప్రయత్నం మీద కలకత్తా వెళ్ళి, అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి జగద్విఖ్యాతులైనారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతిని పొంది, ఆ సంవత్సరం ఆగస్టులోనే పరమపదించారు. ఆయన వద్ద పరిశోధన చేసిన మదరాసు వాస్తవ్యులు ఎస్.ఆర్.ఎస్. వరదన్ గారు సంభావ్యతాశాస్త్రంలో కృషికి 2007లో ఏబెల్ బహుమతి అందుకొన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన బి.ఎల్.ఎస్. ప్రకాశరావు గారు యాదృచ్ఛిక ప్రక్రియల మీద గణాంక నిర్ణయాలు చేయు పద్ధతులను గూర్చి గ్రంథాలు రచించారు, 1982లో భట్నాగర్ బహుమతి పొందారు. మాలెంపాటి మధుసూదనరావు గారు అమెరికాలో ఆచార్యులుగా ఉండి 1981లో యాదృచ్ఛిక విశ్లేషణ పునాదులను గూర్చిన గ్రంథం ప్రకటించారు. మన బడులలో పలక పట్టినవారు చేరిన గమ్యాలివి. కావున భయానికి తావు లేదు.

పునాది: సమాచారం అనగా ఏమి?

మేము మొదటి ప్రయత్నంలో చేసిన పెద్ద పొరపాటు పునాదిని వదలి సూత్రాలను కంఠస్థం చేయుట. ఇటో సూత్రం మాకు నిద్రలో లేపి అడిగినా వచ్చేది. అందులో ఒక్కొక్క పదం ఎందుకున్నదో మాత్రం తెలియదు.

ఈ విషయానికి మూలమైన భావన ‘ఇప్పటివరకు తెలిసిన సమాచారం’. ప్రకాశం బరాజుకు 70 గేట్లున్నవి. ఈ ఉదయం ఎన్ని గేట్లు ఎంత ఎత్తవలెనో నిర్ణయించే ఇంజనీరుకు ఇప్పటివరకు వచ్చిన నీరెంతో తెలుసు. రేపు వచ్చే నీరు తెలియదు. ఆయన నిర్ణయం తెలిసినదాని మీదనే ఆధారపడవలెను. గణితంలో ఇట్లు కాలంతోపాటు పెరిగే సమాచారాన్ని ఫిల్ట్రేషన్ అంటారు. ఆ సమాచారానికి లోబడి నిర్ణయమయ్యే ప్రక్రియను అడాప్టెడ్ ప్రక్రియ అంటారు. ఆంగ్ల పదాలు గంభీరంగా ఉన్నను భావం ఇంతే.

స్టాపింగ్ టైమ్ అనే భావనకూడ ఇక్కడనే తేటపడుతుంది. ‘వరద మొదటి ప్రమాద హెచ్చరిక స్థాయిని చేరిన తొలి క్షణం’ స్టాపింగ్ టైమ్. అది వచ్చినప్పుడు వచ్చినదని మనకు తెలుస్తుంది. ‘ఈ సంవత్సరంలో నీటిమట్టం గరిష్ఠంగా ఉన్న క్షణం’ స్టాపింగ్ టైమ్ కాదు. సంవత్సరమంతా గడచిన పిదపగాని అది ఏ క్షణమో చెప్పలేము. పరీక్షలో ‘ఈ క్రింది వానిలో ఏవి స్టాపింగ్ టైములు?’ అని ప్రశ్న వచ్చినచో బరాజు మీద నిలబడి ఆలోచించండి. జవాబు దొరుకుతుంది.

తెలిసిన సమాచారం ఆధారంగా రేపటి విలువకు మనం వేయగల ఉత్తమ సగటు అంచనాయే కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్. రేపటికి ఉత్తమ అంచనా ఈనాటి విలువకు సమానమైన ప్రక్రియను మార్టింగేల్ అంటారు. పెరుగునని గాని తరుగునని గాని పక్షపాతం లేని ప్రక్రియ అన్నమాట. రేపు మనం వేయబోయే అంచనాకు నేడు వేసే అంచనా, నేరుగా నేడు వేసే అంచనాతో సమానం. ఈ చివరి వాక్యాన్ని టవర్ ధర్మం అంటారు. పత్రంలోని నిరూపణలలో అనేకం దీని మీదనే నడుస్తాయి.

ఉర్దూలో ‘ఇత్తిఫాక్’ అనే పదానికి యాదృచ్ఛికమనే అర్థంతోపాటు అంగీకారం, ఐక్యత అనే అర్థాలున్నవి. తెలుగు మాధ్యమం నుండి వచ్చిన మా మిత్రునికి ఈ మాట మా ఉర్దూ సోదరుడే చెప్పాడు. నాటి నుండి మేము ప్రతి ఆంగ్ల పారిభాషిక పదానికి ప్రక్కన తెలుగు మాట ఒకటి, ఉర్దూ మాట ఒకటి, ఒక ఉదాహరణ ఒకటి వ్రాసుకొనసాగాము. తన భాషలో తోటివానికి చెప్పగలిగినంతవరకు ఏ నిర్వచనమూ మనది కాదని మా అనుభవం.

మమ్మల్ని ఓడించిన లెక్క

అచ్చులో సౌలభ్యం కొరకు బ్రౌనియన్ చలనపు విలువను ‘బ’ అని, కాలాన్ని ‘క’ అని వ్యవహరిస్తాము. చలనం సున్న వద్ద మొదలగును. విడివిడి కాలఖండాలలో దాని పెంపుదలలు పరస్పరం స్వతంత్రములు. ఒక కాలఖండంలో పెంపుదలకు సగటు సున్న, విస్తృతి ఆ కాలఖండపు నిడివికి సమానం, విభాజనం సామాన్య విభాజనం. ఈ ధర్మాలతోపాటు మార్గం అవిచ్ఛిన్నమని గుర్తుంచుకొన్నచో నిర్వచనం పూర్తి.

2024 పరీక్షలో ‘బ’ను ‘బ’ దృష్ట్యా సమాకలనం చేయుమని ఒక ప్రశ్న వచ్చినది. మాలో ముగ్గురం ఇంటర్మీడియట్ అలవాటు చొప్పున ‘½ బ²’ అని వ్రాసి తృప్తిపడ్డాము. సరియైన జవాబు ‘½ బ² − ½ క’. ఆ చిన్న ‘½ క’ మాకు ఒక సంవత్సరం ఖరీదైనది. అది ఎక్కడినుండి వచ్చినదో అంకెలతో చూపుతాము.

మిర్చి వర్తకుడొకడున్నాడు. టిక్కీ ధర రోజుకు ఒక రూపాయి పెరుగును లేదా ఒక రూపాయి తగ్గును. మొదటి రోజు నుండి నిన్నటివరకు ధర మొత్తం ఎన్ని రూపాయలు పెరిగినదో అన్ని టిక్కీలు ఆ ఉదయం అతడు తన వద్ద ఉంచుకొంటాడు. నాలుగు రోజులలో మార్పులు వరుసగా +1, +1, −1, +1 అనుకొందాము. ఉదయాన అతని వద్దనున్న టిక్కీలు వరుసగా 0, 1, 2, 1. లాభం 0 + 1 − 2 + 1, మొత్తం సున్న. ధర మొత్తం 2 రూపాయలు పెరిగినది. పాత పద్ధతి ప్రకారం 2 వర్గంలో సగం, అనగా 2 రూపాయల లాభం రావలెను. రాలేదు.

కారణం ఒక సామాన్య బీజగణిత సమీకరణంలోనే ఉన్నది. ఒక ఖండానికి మొదటి విలువ ‘అ’, చివరి విలువ ‘ఆ’ అయినచో, అ × (ఆ − అ) అనేది ½ (ఆ² − అ²) − ½ (ఆ − అ)² కు సమానం. నాలుగు రోజులకు దీనిని కూడినప్పుడు మొదటి భాగాలు ఒకదానినొకటి కొట్టివేసుకొని ½ × 4 = 2 మిగులును. రెండవ భాగంలో ప్రతి మార్పు వర్గం 1 కనుక ½ × 4 = 2 తీసివేయవలెను. జవాబు సున్న. వర్తకుని లెక్కతో సరిపోయినది.

అతడు సాయంకాలపు ధర చూచిన పిదప టిక్కీల సంఖ్యను నిర్ణయించగలిగియుంటే? అప్పుడు సంఖ్యలు 1, 2, 1, 2. లాభం 1 + 2 − 1 + 2 = 4. రెండు జవాబుల భేదం 4, అనగా గడచిన రోజుల సంఖ్య. సాధారణ కలనగణితంలో ఖండపు ఎడమ కొన తీసుకొన్నను, కుడి కొన తీసుకొన్నను అవధిలో ఒకే జవాబు వచ్చును. ఇక్కడ రాదు. ఇటో ఎడమ కొననే తీసుకొనుటకు కారణం ఏ వర్తకునికీ సాయంకాలపు ధర ఉదయమే తెలియకపోవుట.

మార్పుల వర్గాల మొత్తం అవధిలో మాయం కాకుండుటయే ఈ శాస్త్రానికి కీలకం. నునుపైన వక్రరేఖ మీద కాలాన్ని ఎన్ని ఖండాలు చేసిన, ఒక్కొక్క మార్పు సుమారు ఖండపు నిడివికి అనుపాతంలో ఉండును. వర్గాలను కూడినప్పుడు మొత్తం సున్నను చేరును. బ్రౌనియన్ చలనంలో మార్పు ఖండపు నిడివి వర్గమూలం స్థాయిలో ఉండును. కనుక వర్గాల మొత్తం సగటు సరిగా ‘క’. ఖండాల సంఖ్య ‘న’ అయినచో ఆ మొత్తానికి విస్తృతి 2క² ను ‘న’తో భాగించినంత. ఒక యూనిట్ కాలాన్ని 200 ఖండాలు చేసినచో విస్తృతి 0.01 మాత్రమే. ఖండాలు పెరిగినకొలది అది సున్నను చేరును. ప్రతి మార్పు యాదృచ్ఛికమే అయినను వర్గాల మొత్తం నిశ్చితమైనది. దీనిని క్వాడ్రాటిక్ వేరియేషన్ అంటారు.

ఇది బోధపడినచో ఇటో సూత్రం తనంత తానే వచ్చును. ‘బ’ యొక్క ఒక ప్రమేయంలో మార్పు, మొదటి అవకలజాన్ని ‘బ’ మార్పుతో గుణించగా వచ్చినదానికి, రెండవ అవకలజంలో సగాన్ని కాలపు మార్పుతో గుణించి కూడినంత. టేలర్ శ్రేణిలో మనం ఇంతకు ముందు విసర్జించిన రెండవ పదమే ఇది.

వాణిజ్య విద్యార్థులకు మరియొక ఉదాహరణ. నూరు రూపాయల సరుకు 10 శాతం పెరిగి 110 అయినది, తిరిగి 10 శాతం తగ్గి 99 అయినది. సగటు మార్పు సున్న అయినను ఒక రూపాయి నష్టం. 10 శాతం వర్గం 1 శాతం, అందు సగం అర శాతం, రెండు అడుగులకు ఒక శాతం. ధర లాగరిథమ్‌లో చాంచల్యపు వర్గంలో సగం తీసివేయవలెనని గ్రంథాలు చెప్పేది దీనినే. 1973లో బ్లాక్, షోల్స్, మెర్టన్‌లు ఆప్షన్ల ధర నిర్ణయించే సూత్రాలను ప్రకటించినప్పుడు ఈ కలనగణితమే ఆధారం. 1997లో షోల్స్, మెర్టన్‌లకు ఆర్థికశాస్త్రంలో నోబెల్ పురస్కారం లభించినది. బ్లాక్ అప్పటికి జీవించిలేరు.

జవాబును రెండు త్రోవల సరిచూచుట

రెండవసారి మేము అలవరచుకొన్న ముఖ్యమైన అభ్యాసం ప్రతి జవాబును మరియొక త్రోవలో సరిచూచుకొనుట. పై సమాకలని వర్గానికి సగటు ఎంత? ఇటో ఐసోమెట్రీ ప్రకారం, లోపలి ప్రమేయం వర్గపు సగటును కాలం మీద సమాకలనం చేయవలెను. ‘బ²’ సగటు కాలమే కనుక జవాబు ½ క². రెండవ త్రోవలో, సమాకలని ½ (బ² − క) అని తెలిసినది. ‘బ²’ విస్తృతి 2క². దానిలో నాలుగవ వంతు ½ క². రెండు త్రోవలు కలిసినవి. పరీక్షలో ఇట్టి సరిచూపుకు రెండు నిమిషాలు చాలును.

మరియొక ప్రశ్న తరచు వచ్చును. సున్న వద్ద బయలుదేరిన చలనం −2 కంటె ముందు 3ను చేరుటకు సంభావ్యత ఎంత? రెంటిలో ఒకదానిని చేరుటకు సగటున ఎంత కాలం పట్టును? ‘బ’ మార్టింగేల్ కనుక ఆగినచోట దాని సగటు సున్న. కావలసిన సంభావ్యత ⅖ అయినచో 3 × ⅖ − 2 × ⅗ = 0. కనుక జవాబు ⅖. ‘బ² − క’ కూడ మార్టింగేల్. కనుక సగటు కాలం ఆగినచోట ‘బ²’ సగటుకు సమానం. 9 × ⅖ + 4 × ⅗ = 6.

ఇంతటితో ఆపినచో సగం మార్కులే. ఆగిన క్షణం వద్ద సగటు మారదని చెప్పు ఆప్షనల్ స్టాపింగ్ సిద్ధాంతానికి షరతులున్నవి. ముందుగా ఒక నిర్ణీత కాలం వద్ద ఆపి సమానత్వం వ్రాయవలెను. చలనం −2, 3ల మధ్యనే ఉన్నందున పరిబద్ధమని చెప్పి, పిదప ఆ కాలాన్ని అనంతానికి పంపవలెను. షరతు లేనిచో ఏమగునో చూడండి. కేవలం 1ని చేరినప్పుడే ఆగుదుమని అనుకొన్నచో చలనం నిశ్చయంగా ఎప్పుడో ఒకప్పుడు 1ని చేరును. ఆగినచోట విలువ 1, సగటు 1. ఆరంభపు విలువ సున్న. సిద్ధాంతం ఇక్కడ పనిచేయదు, ఏలయన క్రిందివైపు హద్దు లేదు, నిరీక్షణ కాలపు సగటు అనంతం. షరతులను సరిచూచినాడా లేదా అనేదే పరీక్షకుడు చూచే విషయం.

పదునారు వారాల ప్రణాళిక

మేము అనుసరించిన క్రమం ఇది. మొదటి మూడు వారాలు సంభావ్యత పునాదులు, కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్. తరువాత నాలుగు వారాలు మార్టింగేలులు, బ్రౌనియన్ చలనం. తరువాత నాలుగు వారాలు ఇటో సమాకలని, ఇటో సూత్రం. తరువాత మూడు వారాలు యాదృచ్ఛిక అవకలన సమీకరణాలు, గిర్సనోవ్ సిద్ధాంతం. చివరి రెండు వారాలు గడియారం ముందుంచుకొని పాత ప్రశ్నపత్రాలు.

గ్రంథాలలో మొదట డేవిడ్ విలియమ్స్ మార్టింగేలుల మీద వ్రాసిన చిన్న పుస్తకం, తరువాత ఓక్సెండాల్ అవకలన సమీకరణాల పుస్తకం మాకు ఉపకరించినవి. గౌహతికి చెందిన మేధీ గారి యాదృచ్ఛిక ప్రక్రియల పుస్తకం డిగ్రీ నుండి వచ్చువారికి మంచి మెట్టు. కరాట్జస్, ష్రీవ్ గ్రంథం కఠినమైనది. నిరూపణలో సందేహం కలిగినప్పుడు మాత్రమే దానిని విప్పేవారము. నాలుగు పుస్తకాలు నాలుగుమార్లు మొదలిడుటకంటె ఒక పుస్తకం చివరంట చదువుట మేలు.

అవకలన సమీకరణాలలో ఆర్న్‌స్టీన్–ఉలెన్‌బెక్ ప్రక్రియను తప్పక సాధన చేయండి. సగటు వైపు లాగబడుతూ యాదృచ్ఛికంగా చలించే రాశికి అది నమూనా. తగిన ఘాతప్రమేయంతో గుణించి ఇటో సూత్రం వర్తింపజేసినచో సాధన నాలుగు పంక్తులలో తేలును. బహుకాలం గడచిన పిదప దాని విస్తృతి, చాంచల్య గుణకపు వర్గాన్ని ఆకర్షణ గుణకపు రెండింతలతో భాగించినంత అగును.

ప్రతి నమూనా ప్రతి చోటికి సరిపోదని కూడ తెలిసియుండవలెను. హర్స్ట్ అనే ఇంజనీరు నైలునది పూర్వపు కొలతలను పరిశీలించి, ఒక సంవత్సరపు వరదకు దూరపు సంవత్సరాల వరదలతోకూడ సంబంధమున్నట్లు 1951లో చూపాడు. పెంపుదలలు స్వతంత్రములనే బ్రౌనియన్ నియమం అట్టి నదికి పొసగదు. కృష్ణను గూర్చి లెక్క వేయబోవు విద్యార్థికూడ మొదట ఈ ప్రశ్నయే వేసికొనవలెను.

వరద నేర్పిన పాఠం

2009 అక్టోబరులో ప్రకాశం బరాజు మీదుగా సుమారు 11 లక్షల క్యూసెక్కుల వరద సాగినది. అంత వరద మరల రాదని పెద్దలు అనుకొనేవారు. 2024 సెప్టెంబరు ఆరంభంలో 11 లక్షల 40 వేలకు మించి వచ్చినది. అదే దినాలలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినది. మాలో ఒకరి ఇల్లు అక్కడనే. ఇంటిల్లిపాదీ క్షేమంగా బయటపడ్డారు. రెండు సంవత్సరాల నోటు పుస్తకాలు మాత్రం బురదలో కలిసిపోయినవి.

ఆ మిత్రుడు చదువు మానుకొంటానన్నాడు. పటమటలో ఉన్న మరియొక మిత్రుని ఇంటి మేడమీద గదిలో నలుగురం కూర్చొని, పుస్తకం చూడకుండ, జ్ఞాపకమున్నంతవరకు ఆ నోట్సును తిరిగి వ్రాయ మొదలుపెట్టాము. ఆటోనగర్ షెడ్లలో లారీల బాడీలు కట్టే సుత్తి దెబ్బలు వినిపిస్తూనే ఉండేవి. ఒకరు సిద్ధాంతం చెప్పవలెను. మరియొకరు ‘ఎందుకు?’ అని అడుగవలెను. జవాబు రానిచోట మాత్రమే పుస్తకం తెరువవలెను. రెండు నెలలలో నోట్సు పూర్తి అయినది. వెనుకటి దానికంటె సగం నిడివి, రెండింతలు స్పష్టత. జ్ఞాపకం నుండి తిరిగి వ్రాయుటకంటె మంచి చదువు లేదని మాకు ఆ విధంగా తెలిసినది. ఇది తెలియుటకు ఎవరి ఇల్లూ మునుగనవసరం లేదు. కనుకనే మీకు చెప్పుతున్నాము.

పరీక్షకు ముందు నెల రంజాను. సహరీ ముగిసిన పిదప తెల్లవారువరకు దొరికిన నిశ్శబ్ద ఘడియలలో మా ఉర్దూ మిత్రులు పాత ప్రశ్నపత్రాలు సాధించేవారు. మధ్యాహ్నం తేలిక పని, అనగా నిర్వచనాలు చదువుట. శరీరానికి అనుకూలమైన వేళను కఠినమైన పనికి కేటాయించుటయే ఇందలి సూత్రం.

పరీక్ష దినం

ప్రశ్నపత్రం అందగానే పది నిమిషాలు చదువుటకే వినియోగించండి. ప్రతి జవాబు మొదటి పంక్తిలో ఏ సిద్ధాంతం వాడబోవుచున్నారో, దాని షరతులు ఎట్లు నెరవేరినవో వ్రాయండి. సమాకలని మార్టింగేల్ అని వ్రాయుటకు ముందు లోపలి ప్రమేయం వర్గపు సగటు పరిమితమని చూపండి. చిక్కినచోట ఒక గీత గీచి తరువాతి ప్రశ్నకు వెళ్ళండి. ఆంగ్లం అలంకారంగా ఉండనవసరం లేదు. ‘కనుక’, ‘ఏలయన’, ‘అయినచో’ అనే మూడు మాటలకు సమానమైన ఆంగ్ల పదాలను సరియైన చోట్ల వాడగలిగినచో గణితానికి చాలును.

కళాశాల కమిటీ వారికి విన్నపం

చివరగా కమిటీ పెద్దలకు సవినయంగా మూడు విన్నపాలు చేస్తున్నాము. 1917లో హైదరాబాదులో ఏర్పడిన అనువాద విభాగం ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు గణితశాస్త్ర గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథాలను తెలుగులో వెలువరించినది. మన రెండు భాషలకూ గణితం క్రొత్త కాదు. కావున మన విద్యార్థుల చేత సంభావ్యతాశాస్త్ర పదాలకు ఉర్దూ, తెలుగు, ఆంగ్ల పదకోశం ఒకటి తయారు చేయించవలెను. అందుకు మా నోట్సు ప్రతిని ఉచితంగా సమర్పిస్తాము. రెండవది, గ్రంథాలయంలో పై గ్రంథాలకు ఒక అర కేటాయించి, దానిని పై అంతస్తులో ఉంచవలెను. వరద మరల రాదని ఏ గణితమూ హామీ ఇవ్వదు. మూడవది, ఇంటివద్ద చదువుకొనుటకు చోటులేని విద్యార్థులకు పరీక్షలకు ముందు మూడు నెలలు ఒక తరగతి గదిని రాత్రి తొమ్మిది గంటలవరకు తెరచి ఉంచవలెను.

ఆ గది తెరచిననాడు మా నలుగురిలో ఎవరో ఒకరం ప్రతి ఆదివారం వచ్చి, మిర్చి వర్తకుని లెక్కతో పాఠం మొదలుపెట్టగలమని మాట ఇస్తున్నాము.